కళలకు విడిచిన మాన్యములు



మా గ్రామపు ఇనాము రిజిస్టరు నకలు ఒకటి నాయొద్ద నున్నది. అందు 1860 ప్రాంతమున తెల్లదొరల గుమాస్తాలు వ్రాసికొన్న వివరములు కలవు. భూమి యెంత, ఎవరి స్వాధీనమం దున్నది, ఏ నిమిత్తము విడిచిరి, ఆ పని ఇప్పుడు జరుగుచున్నదా లేదా అని గడులు గీసి నింపిరి. రెండెకరముల మెట్ట, ఎకరము మాగాణి గల యొక చెక్క కెదురుగా నిమిత్తపు గడిలో దేవళమున సన్నాయి వాయించుట అని యున్నది. పని జరుగుచున్నదా యను గడిలో, జరుగుచున్నది అని యున్నది. ఈ రెండు గడులను చూచినప్పుడెల్ల నాకు మనస్సు చివుక్కుమనును. కారణము కడపట చెప్పెదను.

నేడు పట్టణములందు కళాపోషణ మనగా ధర్మనిధులు, సంఘములు, ట్రస్టులు అని చెప్పుకొనుచున్నారు. సంగీతము నేర్చువారికి వేతన మిచ్చుటకు కొందరు, నాటకశాల కట్టించుటకు కొందరు, వృద్ధ కళాకారులకు భరణ మిచ్చుటకు కొందరు ధనమును మూలనిధిగా నుంచి, దాని వడ్డీని వాడుచున్నారు. ఇది క్రొత్త సంగతియని అనేకులు తలతురు. పేరు క్రొత్తది గాని పని ప్రాతది. మన పల్లెలలో భజంత్రీ మాన్యము, భోగమువారి మాన్యము అని చేలకు పేళ్లుండుట మీరెరుగుదురు. ఆ పేళ్లు మిగిలినవి, మేళములు మిగులలేదు. ఏల మిగులలేదో కొంత చరిత్ర తడవి చూతము.

దాత ఇచ్చెను, గాయకుడు పుచ్చుకొనెను అన్నంత మాత్రమున కళ నిలువదు. రాజు మెచ్చి మెడలోని హారము తీసి యిచ్చెననుకొనుడు. అది ఆ గాయకునికే దక్కును, వాని కొడుకుకు పాట రాకున్నను హారము వానిదే. పాట నిలువవలెనన్న, ఈవి మనిషిని గాక పనిని పట్టుకొని యుండవలెను. ఈ సంగతిని దక్షిణదేశమున వేయేండ్ల క్రిందటనే స్పష్టముగా గ్రహించినవా డొకడు కలడు. అతడు తంజావూరి పెద్దగుడి కట్టించిన రాజరాజచోళుడు.

ఆ గుడి గోడలమీద క్రీ. శ. 1014 ప్రాంతమున చెక్కించిన యొక దీర్ఘశాసన మున్నది. చోళదేశమందలి పెక్కు గుళ్లనుండి నాలుగువందలమంది నాట్యకత్తెలను రప్పించి, గుడి చుట్టును వీధులు వేసి, ఒక్కొక్కతెకు ఒక్కొక్క యిల్లిచ్చి, ఏటికి నూరేసి కలముల వడ్లు ఏర్పాటు చేసెను. ఏ వీధిలో, ఏ వరుసలో, ఎన్నవ యింట ఏ పేరిటి స్త్రీ యుండునో, ఆమె ఏ యూరి గుడినుండి వచ్చెనో సర్వమును రాతిమీద నున్నది. నట్టువరులకు రెండేసి భాగములు. గాయకులు, వాద్యకాండ్రు వారివారి భాగములు పొందిరి. కొలుచు కుంచ మేదో కూడ వ్రాయించెను. మన కరణములు కూడ అంత నిక్కచ్చిగా వ్రాసియుండరు.

ఆ గుడిలోనే తేవారము పాడుటకు నలువది యెనమండుగురను, వారికి మద్దెలలు వాయించుటకు ఇద్దరను, మొత్త మేబదిమందిని నియమించి, తలకు దినమునకు మూడేసి కురుణుల వడ్లిమ్మని మరియొక శాసనము. పండ్రెండు కురుణులు ఒక కలము. నే నొకనాడు కాగితముపై లెక్క కట్టితిని. దినమునకు మూడు కురుణులన్న ఏటికి తొంబదియొక్క కలము చిల్లర యగును. నర్తకికి నూరు కలములు, పాటకానికి తొంబది పైచిలుకు. ఎవరికిని పెద్ద అంతరము లేకుండ, ఒక సంసారము గడచునట్లు కొలిచి యిచ్చినట్లు కానవచ్చుచున్నది.

అయితే ఆ శాసనమందలి కీలకము వడ్ల లెక్కలో లేదు. భాగము ననుభవించువాడు మరణించినను దేశాంతరము పోయినను ఏమి చేయవలెనో వ్రాసిన నిబంధనలో నున్నది. వాని దగ్గరి బంధువు ఆ భాగమును పొంది ఆ పని చేయవలెను. బంధువునకు విద్య రాకున్నచో, వాడు విద్య వచ్చిన మరియొకని నేర్పరచి పని చేయించవలెను. పని చేసినవాడే ఆ వడ్లు పుచ్చుకొనవలెను. బంధువులే లేకున్నచో, ఆ పనిచేయు తక్కినవారు కూడి తగినవానిని ఎన్నుకొనవలెను. చూచితిరా! వంశమునకు మొదటి హక్కు ఇచ్చెను గాని, విద్య లేని వంశమునకు ఊరక గింజలు పెట్టుమని వ్రాయలేదు. తగినవాడెవడో తేల్చుటకు అధికారిని పిలువలేదు; అదే విద్య నెరిగిన తోడివారికే ఆ తీర్పు వదలెను. మద్దెల పలికినదో లేదో మద్దెలవానికంటె మరి యెవరికి తెలియును?

నర్తకులను వారి ఊళ్లనుండి రాజాజ్ఞచే తెప్పించినప్పుడు, వారిలో ఎందరు ఇష్టముతో వచ్చిరో శాసనము చెప్పదు. దానమును పొగడునప్పుడు ఈ సంగతి మరువరాదు.

విజయనగర ప్రభువుల కాలమునకు వచ్చిన, తిరుపతిలో మరియొక పద్ధతి కనబడును. ఇది సేద్యగాండ్రకు వెంటనే బోధపడును. భక్తుడు ఒక సేవకో, ఉత్సవమునకో కొంత ధనము దేవస్థానమున కట్టును. దేవస్థానమువారు ఆ ధనమును పెట్టెలో దాచియుంచక, దేవునికి చెందిన గ్రామములలో చెరువులు త్రవ్వించి, కాలువలు తీయింతురు. నీరు పారి, పంట హెచ్చును. ఆ హెచ్చిన పంటతో దాత కోరిన సేవ ఏటేట నడచును. పదునైదు, పదునారవ శతాబ్దుల శాసనములలో ఇట్టి యేర్పాటులు పెక్కు కలవు. ధనము కరగదు, రైతునకు నీరు, దేవునికి నైవేద్యము, సేవ చేయువానికి ప్రసాదమున భాగము. తాళ్ళపాక అన్నమాచార్యుల కుమారుడు పెదతిరుమలాచార్యులు కూడ స్వామికి భూములు, ధనము సమర్పించిన దాతయే. పాటకాండ్ర కుటుంబము దానము పుచ్చుకొనుటయే గాక, దాన మిచ్చునంతటి స్థితికి వచ్చినదన్నమాట. వారు రాగిరేకులపై చెక్కించి గుడిలో దాచిన సంకీర్తనములు శతాబ్దులపాటు మరుగుననుండి, ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చినవి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పి, ఆ పాటలను పాడించి, అచ్చువేయించి ప్రచారము చేయుచున్నారు.

కళావంతులు దాతలగుట మన ఆంధ్రదేశమున క్రొత్త కాదు. దాక్షారామము, చేబ్రోలు మొదలగు గుళ్ల శాసనములలో సానులు దేవునికి అఖండదీపములు పెట్టించిన దాఖలాలు కలవు. కాకతి గణపతిదేవుని సేనాని జాయప, నృత్తరత్నావళి యను సంస్కృత గ్రంథమును వ్రాసినవాడు, ఆ చేబ్రోలు దేవాలయములకే దానములు చేసి శాసనములు వేయించెను. ఒకే యూరిలో, నాట్యమునకు శాస్త్రము వ్రాసిన సేనానియు దాతయే, నాట్యమాడిన సానియు దాతయే. వీరిలో సానుల దీపములను మనము తరచు మరతుము.

ఒక్కొక్కప్పుడు దాత ఒక చెక్కను గాక ఊరినే యిచ్చెను. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప, తెలుగుదేశమునుండి వలసవచ్చిన బ్రాహ్మణ కుటుంబములకు మేలట్టూరును అగ్రహారముగా నిచ్చెనని, ఒక్కొక్క కుటుంబమునకు ఇల్లు, నూయి, భూమి వచ్చెనని అచ్చటివారు చెప్పుదురు. ఆ యూరి వేంకటరామశాస్త్రి వ్రాసిన తెలుగు యక్షగానములు, చుట్టును తమిళము మాటలాడు దేశమున, నేటికిని నృసింహజయంతినాడు ఆడబడుచున్నవి. కావేరి గట్టున, తెల్లవారువరకు ప్రహ్లాదుని కథ తెలుగున! ఊరివారు ఇతరములైన ఉద్యోగములు చేసికొనుచు దూరదేశములందున్నను, ఆ పండుగకు వచ్చి వేషము కట్టుదురు. అచ్చట భూమికంటె వ్రతము బలముగా నిలిచినది.

మన కృష్ణామండలమందలి కూచిపూడి కథ మీకందరకు తెలిసినదే. గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానాషా మచిలీపట్టణమునకు పోవు త్రోవలో అచ్చట విడిసి, భాగవతుల యాట చూచి మెచ్చి, ఆ గ్రామమును వారికి అగ్రహారముగా నిచ్చెనని ప్రతీతి. 1687లో గోలకొండ ఔరంగజేబు చేతికి చిక్కినది. తానాషా చెరసాలలో మరణించెను. ఇచ్చిన ప్రభువు పోయెను, రాజ్యము పోయెను, ఈవి మాత్రము నిలిచెను. 1763 నాటి యొక పత్రములో ఆ గ్రామమునకు హక్కుదారులైన భాగవతుల కుటుంబముల ఇంటిపేళ్లు కలవు. తగవు పుట్టి పెద్దలు తీర్చిన సందర్భమది. తగవు పుట్టుట వింతగాదు. కుటుంబములు పెరుగును, భూమి పెరుగదు. వాటాలు చీలును. నాట్యమాడు పురుషుడు ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టి తీరవలెనని ఆ కుటుంబములలో నొక నియమము కలదు. భూమి చీలిన తరువాత వారిని ఒకచోట నిలిపినది ఆ నియమమే యని నాకు తోచుచున్నది. పోషకులు సన్నగిల్లిన పిమ్మట వారిలో పెక్కుమంది మదరాసు చేరి చలనచిత్రములందు నాట్యము కూర్చి బ్రతికిరి. పిదప 1957లో ఊరిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది.

ఇక తెల్లదొరల కాలము. కుంపిణీవారికి శిస్తు కావలెను. శిస్తులేని భూమి వారి కన్నులకు ముల్లు. 1858లో చెన్నరాజధానిలో ఇనాము కమిషను ఏర్పడెను. ఊరూర రికార్డులు చూచి, ఏది స్వంత ఇనాము, ఏది దేవాలయ ధర్మము, ఏది గ్రామసేవకు విడిచినది అని వేరుచేసిరి. స్వంత ఇనాములకు కొద్దిపాటి పన్ను కట్టించి, వానిని పూర్తి హక్కుతో అమ్ముకొనదగిన భూములుగా చేసిరి. దేవాలయపు పనులకు విడిచినవానిని పని జరిగినంతకాలము సాగునట్లు స్థిరపరచిరి. పుస్తకములో ఇది న్యాయముగనే యున్నది. కాని రాజరాజు శాసనములోని కీలకము మాత్ర మిచ్చట లేదు. పని ఆగినచో భూమి నేమి చేయవలెనో సర్కారు ఆలోచించెను. పని ఆగకుండ, విద్య వచ్చిన మరియొకని నెట్లు తేవలెనో ఆలోచించలేదు. దాని యవసరమును తహశీలుదారునకు లేదు. వానికి కావలసినది సర్వే నంబరు.

దేవదాసీల ఇనాముల సంగతి మరింత చిక్కైనది; దానిని నేను తేలికగా చెప్పి దాటజాలను. బాలికలను గుడికి అంకితముచేయు ఆచారములో ఎంత దుఃఖ ముండెనో ఎరిగినవారికి, దానిని మాన్పవలెననుటలో సందేహము లేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మదరాసు శాసనసభలో పట్టుపట్టి సాధించిన 1929 నాటి చట్టము, ఆ స్త్రీల మాన్యములను గుడిపని యను షరతునుండి విడిపించినది. ఇకమీదట గజ్జె కట్టకున్నను భూమి వారిదే. 1947లో అంకితము చేయుటయే నేరమని మరియొక చట్టము వచ్చినది. కడుపుకై ఆడవలసిన నిర్బంధము పోయినది, ఇది మంచి. కాని ఆ మాన్యము పోషించిన పదములు, జావళులు, అడుగులు ఎచ్చటికి పోవలెను? దానికి ఎవరును ఒక సెంటు భూమి విడువలేదు. నిర్బంధమును, విద్యను వేరుచేయ నెరుగక, రెండింటిని ఒకే కత్తితో కోసిరి. ఇది నా యభిప్రాయము, కాదనువా రుండవచ్చును.

ఆ రోజులలో ఆ బిల్లు నెదిరించిన స్త్రీలలో ఒకతె బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఈమె గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఏలయన, ఇంతవరకు మనము రాజులిచ్చిన దానములను చూచితిమి, ఈమె దానము పుచ్చుకొను కులమున పుట్టి, అందరికంటె జాగ్రత్తగా దానము చేసినది.

ఆమె 1878లో మైసూరు సీమలో దేవదాసీ కుటుంబమున జన్మించెను. సంగీతమున ప్రఖ్యాతి, కచేరీలతో ధనము సంపాదించి మదరాసులో స్థిరపడెను. తంజావూరు ప్రతాపసింహుని కొలువులోని ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినది ఈమెయే. అశ్లీలమని సర్కారు దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947లో, టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రిగా నుండగా తొలగినది. ఆమెకు తగవు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ మాట.

త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందెను. రాజు పిలుపును కాదని, ఉంఛవృత్తితో బ్రతికిన మహనీయుడు ఆయన. ఇంటింట పిడికెడు బియ్యమే ఆయనకు మాన్యము. దాని ఫలముగా ఆయన పాట ఎవరి సొత్తును కాలేదు. కాని ఆయన సమాధికి దీపము పెట్టు దిక్కును లేకపోయెను. శిష్యులు 1903లో ఒకమారు బాగుచేయించిరి. ఆరాధనోత్సవములు మొదలిడిరి. వెంటనే చిన్నకక్షి, పెద్దకక్షి యని రెండు పక్షము లేర్పడి, వేరువేరుగా ఉత్సవము చేసిరి. కాని ఒక విషయమున రెండు కక్షులకును ఏకాభిప్రాయమే: స్త్రీలు అచ్చట పాడరాదు. రామభక్తుని పాటను తమ కంఠములలో దాచుకొన్న స్త్రీలు, ఆయన సమాధియెదుట నోరు మూసికొనవలెను!

సమాధి పాడుపడినదని తన గురువు బిడారం కృష్ణప్పగారివలన తెలిసికొని, నాగరత్నమ్మగారు తిరువయ్యారునకు వచ్చి, ఆ స్థలమును సంపాదించి, 1921లో గుడికట్టుటకు పూనుకొనిరి. తన సంపాదన నంతయు దానికి వెచ్చించిరి. గుడి కట్టిన తరువాతను కక్షులవారు ఆమెను పాడనీయలేదు. ఆమె వ్యాజ్యమాడి కూర్చుండక, సమాధి వెనుకప్రక్కన స్త్రీలతో వేరుగ ఉత్సవము జరిపిరి. దానికి ఆడువారి కక్షి యని పేరు వచ్చినది. 1940 ప్రాంతమున మూడు పక్షములును ఏకమై ఒకే ఉత్సవ మేర్పడినది. స్త్రీలకును పాడు హక్కు లభించినది.

ఆమె 1949లో తన యావదాస్తిని ట్రస్టుగా నేర్పరచు వీలునామా వ్రాసిరి. త్యాగరాజస్వామి సమాధి పూజకు, నిర్వహణకు ఆ యాస్తి చెందవలెను. స్త్రీలు, దేవదాసీ కులమున పుట్టినవారితో సహా, అచ్చట పూజించుటకును పాడుటకును ఆటంక ముండరాదను నియమమును అందు చేర్చిరి. ధనమును మాత్రము వదలి పోయినచో, ఆ ధనముతోనే మరల స్త్రీలను వెలిబెట్టవచ్చునని ఆమెకు తెలియును. తాను లోకమున నున్నంతకాలము పోరాడి సాధించినదానిని, తాను పోయిన తరువాత కాగితము పోరాడునట్లు చేసిరి. 1952లో ఆమె కన్నుమూసిరి. ఆమె సమాధియు త్యాగరాజస్వామికి అభిముఖముగా నున్నది. ఏటేట పుష్య బహుళ పంచమినాడు వందలకొలది గాయనీగాయకులు అచ్చట కూర్చుండి పంచరత్నములు పాడుదురు. వారిలో స్త్రీల వరుసలను చూచినప్పుడు ఆ వీలునామా జ్ఞాపకము చేసికొనుడు.

మన విజయనగరమున జరిగినది వేరొక విధము. 1919లో మహారాజావారు సంగీత కళాశాల స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు పిన్నవయస్సులోనే అందు ఫిడేలు ఆచార్యులు. జమీందారీలు పోయిన పిమ్మట అది ప్రభుత్వము చేతికి వచ్చినది, నేటికిని నడచుచున్నది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అందు చదువుకొనునప్పుడు, ఇంటింట మధూకరమెత్తి కడుపు నింపుకొనిరి. రాజు బడి కట్టించెను, గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట చోటిచ్చిరి, ఊరి యిల్లాండ్రు కబళమిచ్చిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను ఆ కంఠము మనకు దక్కకపోవును. కాని శిలాఫలకమున మొదటివారి పేరే యుండును.

ఇప్పుడు మా యూరి సన్నాయి సంగతి.

1956లో ఆంధ్రదేశమున ఇనాముల రద్దు చట్టము వచ్చినది. మా సన్నాయి మాన్యము వాయించువారిదా, దేవాలయముదా అని విచారణ జరిగి, దేవాలయమునకు చెందినదని తేలినది. రికార్డు చూచినవారెవరైనను అట్లే చెప్పుదురు. కొంతకాలము పూర్వపు పద్ధతియే సాగెను. ఆ కుటుంబమువారే చేను చేసికొనుచు, తెల్లవారుజామున మేలుకొలుపు, రాత్రి పవ్వళింపు సేవ వాయించుచుండిరి. తిథి వార నక్షత్రములు మాకు పంచాంగము చూడక తెలిసెడివి. ధనుర్మాసము వచ్చినదని వాని సన్నాయియే చెప్పెడిది.

1974లో దేవాలయపు ప్రాకారము కూలినది. ధర్మకర్తలలో నేనొకడను. భూములన్నింటిని బహిరంగ వేలము వేసి కౌలున కిచ్చినచో రాబడి హెచ్చును గదా, ఆ రాబడిలోనుండి మేళమువానికి నెలకింత అని రొక్కమిత్తము అని తీర్మానించితిమి. నాకును అది సబబుగనే తోచినది. వ్రాలు చేసితిని. వేలములో చేను వేరొకరికి పోయినది. ప్రాకారము లేచినది, అందుకు కాదనను. కాని మేము వ్రాసిన రొక్కము వ్రాసినట్లే నిలిచినది, వడ్లధర నిలువలేదు. అయిదేండ్లకు ఆ రొక్కము సగమునకు సగముగాను, పదేండ్లకు పొగాకు ఖర్చుగాను దిగజారినది. రాజరాజు వడ్లు కొలిచి యేల యిచ్చెనో, కుంచము పేరు కూడ రాతిమీద నేల వ్రాయించెనో నాకప్పుడు తెలియలేదు. ఆ శాసనమును నేను చదివినది మరి పదునేండ్లకు.

ఒక ధనుర్మాసమున మేలుకొలుపు వినబడలేదు. నేను వాని యింటికి పోయి అడిగితిని. వాడు లేచి నిలుచుండి, మా యూరి మాటలలోనే ఇట్లనెను: “అయ్యగారూ, చేను దేవుడిదే, నాదని నేనెప్పుడూ అనలేదు. దానిమీద పండింది తిని ఊదాను. ఇప్పుడు కూలికిపోయి వచ్చి ఊదమంటే ఊపిరి చాలటం లేదు.” నేను మారు పలుకలేకపోతిని. వాని కొడుకు అప్పటికే పట్టణమున పెండ్లి బ్యాండులో చేరి యుండెను. విద్యలో తండ్రికి తీసిపోనివాడే. వాడు మరల రాలేదు.

నిరుడు శ్రీరామనవమికి మా యువకులు పొరుగు తాలూకానుండి సన్నాయిమేళమును తెచ్చిరి. ఒక్క పూటకు వారిచ్చిన పైకము, ఆ చేనిపై ఆ యేటి కౌలులో ఇంచుమించు మూడవవంతు. మిగిలిన మున్నూట అరువదినాలుగు దినములును మాకు మైకులో పాటయే. కౌలు గడువు వచ్చు ఉగాదికి ముగియును. ఆ చేనిని మరల వేలము వేయవలెనా, వాయించువానికి వడ్లరూపమున కొలుచునట్లు విడిచి, విద్య వచ్చిన వాడెవడో తేల్చుటకు ఇద్దరు ముగ్గురు మేళగాండ్రనే పిలువవలెనా యని దేవాలయ కార్యాలయమునకు ఒక అర్జీ వ్రాసితిమి. అర్జీతో ఇనాము రిజిస్టరు నకలు జతపరచితిమి. మొదటి సంతకము నాదే. ఆ బ్యాండులోని కొడుకునకు ఇప్పుడు మనుమడు కలడట; పదేండ్లవాడు, డోలు వాయించుచున్నాడని విన్నాను. వాని యూరికి కబురు పంపితిని.